కేక్ మీద క్రీమ్ నున్నగా రావట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

ప్రశ్న:

నమస్తే అండీ. ఆదివారం మా పాప పుట్టినరోజు. కేక్ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా. ఒవెన్ లేదు, కుక్కర్‌లోనే అయినా చాక్లెట్ స్పాంజ్ మెత్తగా బాగా వస్తోంది. తిప్పలన్నీ పైన క్రీమ్ పూసే దగ్గరే. షాపులో గడ్డకట్టిన నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి, బీటర్‌తో గిన్నె తిరగేసినా పడనంత గట్టిగా కొడుతున్నా. అయినా పూసేసరికి సున్నం సరిగ్గా పట్టని గోడలా గరుకుగా, సన్న సన్న చిల్లులతో ఉంటోంది. స్పాంజ్ పొడి లేచి తెల్ల క్రీమ్ అంతా గోధుమరంగు చుక్కలు. రుచి బాగుంటే చాలదా అంటారు మా అత్తగారు. కానీ ఫోటోలు దిగేది ఆవిడ కాదు కదా! ఉండేది విజయవాడ, వంటింట్లో ఏసీ లేదు. పూయడానికి అట్లకాడే వాడుతున్నా. ఎవరైనా చెప్పరూ?

జవాబు:

గిన్నె తిరగేసినా పడదు అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. వీడియోల్లో అలా తిరగేసి చూపిస్తారు గానీ, అంత గట్టి క్రీమ్ పువ్వులు వేయడానికి పనికొస్తుంది, పూయడానికి కాదు. మనం చాకుతో అటూ ఇటూ రాస్తున్నకొద్దీ క్రీమ్ ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి కొంచెం ముందే ఆపాలి. బీటర్ పైకి లేపితే కొన నిలబడకుండా కొద్దిగా వంగాలి, క్రీమ్‌కి మెరుపు పోకూడదు. ఆ దశలో సగానికి పైగా తీసి పక్కన పెట్టుకోండి, పూతకి అదే. మిగతాది ఇంకాస్త కొట్టి పువ్వులకి వాడుకోండి.

నేను బెజవాడలోనే ఇంటి నుంచి కేక్ ఆర్డర్లు చేస్తాను. మన ఎండలకి ప్యాకెట్ బయట పెట్టి కరిగిస్తే పని చెడుతుంది. ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గిన్నెలో పోసేటప్పుడు అక్కడక్కడా మంచు పలుకులు తగిలితే మంచిదే. గిన్నె, బీటర్ పుల్లలు కూడా ఓ పావుగంట ఫ్రీజర్‌లో ఉంచండి. బీటర్‌ని ఫుల్ స్పీడులో పెట్టొద్దు, గాలి పెద్ద బుడగలుగా చేరుతుంది. మీకు కనిపించే చిల్లులు అవే. మధ్య స్పీడులో కొట్టి, చివరి నిమిషం బాగా తగ్గించండి.

కొట్టే ముందే పావు గ్లాసు క్రీమ్ పక్కకి తీసి ఫ్రిజ్‌లో దాచుకోండి. ఒకవేళ గట్టిపడిపోయినా, అందులోంచి రెండు మూడు స్పూన్లు పోసి గరిటెతో నెమ్మదిగా కలిపితే మళ్లీ దారిలోకి వస్తుంది. ఆ టైంలో బీటర్ మాత్రం ముట్టుకోకండి.

ఇక పొడి సంగతి. స్పాంజ్ ముందు రోజే చేసి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ (పలచటి ప్లాస్టిక్ కవరు) చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి స్పాంజ్ పొడి రాలదు. షుగర్ సిరప్ తడిపినంత చాలు, కారేలా పోయొద్దు. ముందు పలచగా ఒక పూత పూసి, ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. ఆ పూత ఎంత అసహ్యంగా ఉన్నా ఫర్వాలేదు, పొడిని పట్టి ఉంచడమే దాని పని. దానికి క్రీమ్ వేరే చిన్న గిన్నెలోకి తీసుకోండి. పొడి అంటిన చాకు అసలు గిన్నెలో ముంచితే మళ్లీ మొదటికే.

రెండో పూతకి క్రీమ్ ధారాళంగా కావాలి. పైన మధ్యలో పెద్ద ముద్ద పెట్టి బయటికి తోయండి, అంచు దాటి పక్కలకి జారనివ్వండి. చాలామంది పొదుపు చేసి ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఎక్కువైనది ఎలాగూ గీసి తీసేస్తాం. చాకు మధ్యలో పైకి లేపకండి, స్పాంజ్ ఊడి వస్తుంది. అట్లకాడ మానేసి, మెడ వంగిన పాలెట్ నైఫ్ (క్రీమ్ పూసే పదును లేని చాకు) ఒకటి, పక్కలు గీసి చదును చేసే స్క్రాపర్ పలక ఒకటి కొనుక్కోండి. స్క్రాపర్ నిటారుగా ఆనించి చెయ్యి కదలకుండా ఉంచాలి, తిరగాల్సింది కేక్. చివర్లో చాకు వేడినీళ్లలో ముంచి, తడి లేకుండా తుడిచి ఒక్కసారి తేలిగ్గా లాగండి. ఇంకా రాద్దాం, ఇంకా రాద్దాం అనుకున్నారో, గరుకు మళ్లీ మొదలు!

జవాబు:

నేను డాలస్‌లో ఉంటాను. బటర్‌క్రీమ్ అయితే దీనికంటే సులువుగా నున్నగా వస్తుందండీ. మెత్తబడిన వెన్నలో ఐసింగ్ షుగర్ జల్లించి కలపడమే. పంచదార మిక్సీలో పడితే మాత్రం పలుకు తగులుతుంది.

జవాబు:

డాలస్‌లో ఏసీ వేసుకుని చేయొచ్చు అక్కా. ఇక్కడ ఏసీ లేని వంటింట్లో ఆ వెన్న పూసేలోపే జారిపోతుంది. ఈమెకి ఈ ఆదివారానికి అది వద్దు.

జవాబు:

మధ్యలో ఒక డౌటు. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌తో ఇదంతా అవుతుందా? ఇంట్లో అదే ఉంది.

జవాబు:

అవదండీ. అందులో కొవ్వు 25 శాతమే. గట్టిగా నిలబడాలంటే 30 శాతం పైన ఉండాలి. దాన్ని చాక్లెట్ కరిగించి గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన చిక్కటి పూత) చేసుకోవడానికి వాడుకోండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ, సగం టెన్షన్ పోయింది. శనివారం రాత్రే స్పాంజ్ చేసి పెట్టేస్తా. తిరిగే స్టాండ్ లేదు, అదీ కొనాల్సిందేనా?

జవాబు:

ఈసారికి అక్కర్లేదు. మైక్రోవేవ్ ఉంటే లోపలి గాజు పళ్లెం, దాని కింద ఉండే చక్రాల రింగు తీసి గట్టు మీద పెట్టండి, చక్కగా తిరుగుతుంది. కేక్‌ని అట్ట మీద పెట్టి, అట్ట కింద కొంచెం క్రీమ్ రాసి ఆ పళ్లేనికి అంటించండి, జారదు. తర్వాత కొనేదైతే అల్యూమినియంది చూడండి. తేలికపాటి ప్లాస్టిక్‌వి కేక్ బరువుకి ఊగుతాయి.