సింగపూర్‌లో పట్టుబడిన మా నానమ్మ అన్నయ్య ఏమయ్యారో తెలుసుకోవడం ఎలా?

మా నానమ్మ వాళ్ల పెద్దన్నయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) పనిచేస్తూ మలయా (ఇప్పటి మలేసియా ప్రాంతం) వెళ్లారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం రాలేదు, పోయారన్న కబురూ రాలేదు. వస్తాడనే ఆశతో వాళ్లమ్మ చివరిదాకా ఆయన పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు, పేర్ల వివరాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాను. క్రాంజిలోని సింగపూర్ మెమోరియల్ మీద, సమాధి దొరకనివాళ్ల పేర్లే 24 వేలకు పైగా ఉన్నాయి. మన పేర్లను అప్పటి గుమాస్తాలు ఇంగ్లిష్‌లో ఎలా రాశారో ఏమో, ఎన్ని స్పెల్లింగులు మార్చి చూశానో లెక్కలేదు. సర్వీస్ నంబరు మా దగ్గర లేదు. యూనిఫాంలో ఉన్న ఫొటో ఒక్కటే మిగిలింది.

పట్టుబడినవాళ్లలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, ఇంకొందరిని జపాన్‌వాళ్లు న్యూగినీకి తీసుకెళ్లి పని చేయించారు. ఈయన ఎటు వెళ్లారో కూడా మాకు తెలియదు.

బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్‌కి ఇప్పటి పేరు) రికార్డుల ఆఫీసుకి పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రమే రాసి పంపితే వెతికిపెడతారా? ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ ఫైళ్లు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? ఫొటోలోని బ్యాడ్జీ చూసి ఆయన సైన్యంలో ఏ కంపెనీలో (దళంలో) ఉన్నారో చెప్పగలిగినా చాలు. నానమ్మకి తొంభై దాటాయి, ఇప్పటికీ అన్నయ్య గురించి అడుగుతుంది.