చిప్-సెక్‌లో పీక్ ఉంటే ఆ జన్యువు హెచ్-ఎన్‌ఎస్ అదుపులో ఉన్నట్టేనా?

ప్రమోటర్_పక్షి:
సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద వచ్చే పేపర్లలో ఇదే వరస: ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుందో చూపే చిప్-సెక్‌లో, డీఎన్‌ఏకు అంటుకునే హెచ్-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ పట్టుకున్నట్టు పీక్ (ఒకచోట పేరుకున్న సంకేతం) కనిపించగానే ఆ జన్యువును అదే అణచిపెడుతోందని రాసేస్తారు. నేను ఒప్పుకోను. ఈ ప్రోటీన్ ఒక కచ్చితమైన వరుసకు కట్టుబడి ఉండదు. ఏ-టీ బేస్ జతలు ఎక్కువున్న డీఎన్‌ఏ చిన్న గాడిలో ఎక్కడ వీలైతే అక్కడ దిగుతుంది. అది కూర్చునే సైట్ మారిస్తే ప్రమోటర్ (జన్యువు పనిని మొదలెట్టించే డీఎన్‌ఏ భాగం) పని మారాలి, అప్పుడే నియంత్రణ.

ఏటీ_వాది:
ఒకే కచ్చితమైన సైట్‌ను పట్టుకునే లాక్ రిప్రెసర్ లాంటి ప్రోటీన్‌కైతే ఆ పరీక్ష సరిపోతుందండి, దీనికి కుదరదు. హెచ్-ఎన్‌ఎస్ ఒకచోట మొదలై వందల బేస్ జతల మేర పాకుతుంది. నాలుగు బేసులు మారిస్తే పక్కనుంచి వచ్చి మూసేస్తుంది. 2006లోనే రెండు బృందాలు చూపించాయి కదా: హెచ్-ఎన్‌ఎస్ తీసేస్తే బయటినుంచి వచ్చిచేరిన ఏ-టీ జన్యువులు మూకుమ్మడిగా పనిచేయడం మొదలెట్టాయి. పీకులున్నదీ ఎక్కువగా అక్కడే.

బెంచ్‌మీద:
ఆ మ్యూటెంట్‌తోనే చిక్కు. సాల్మొనెల్లాలో హెచ్-ఎన్‌ఎస్ తీసేస్తే పెరుగుదల బాగా దెబ్బతింటుంది. ప్లేటులో చిన్న కాలనీల మధ్య ఒక పెద్దది కనిపిస్తే, ఆర్‌పీఓఎస్‌, ఫో-పి అనే నియంత్రక జన్యువుల్లో ఒకదానిలో రెండో మ్యుటేషన్ వచ్చిందేమోనని ముందు అనుమానించండి. దాన్నే ఏరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే రెండు లోపాలూ కలిపి కొలిచినట్టు. పోనీ ఫో-పి లేని స్ట్రెయిన్‌లోనే మొదలెడదామంటే, ఎస్‌పీఐ-2 (వ్యాధి కలిగించే జన్యువుల గుంపు) ప్రశ్నకు అది పనికిరాదు; ఆ గుంపును నడిపే ఎస్‌ఎస్‌ఆర్-బి ప్రోటీన్ తయారవడానికి ఫో-పి కావాలి.

చిప్ సంగతి కూడా. ప్రోటీన్‌ను డీఎన్‌ఏకు అతికించడానికి 1% ఫార్మాల్డిహైడ్, 10 నిమిషాలు, తర్వాత దాన్ని ఆపడానికి 125 మిల్లీమోలార్ గ్లైసీన్. ఎక్కువసేపు ఉంచితే డీఎన్‌ఏ సరిగా తెగదు, యాంటీబాడీ పట్టే చోటూ కప్పబడిపోతుంది. ముక్కలు 200–500 బేస్ జతలు ఉండాలి. పోలికకు ఇన్‌పుట్ (యాంటీబాడీతో ఏరకముందు డీఎన్‌ఏ) ఒక్కటే చాలదు, ప్రోటీన్‌కు యాంటీబాడీ పట్టే ట్యాగ్ లేని స్ట్రెయిన్ కూడా నడపాలి. లేకపోతే జోరుగా ట్రాన్స్‌క్రైబ్ అయ్యే రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులు దొంగ పీకులుగా తేలతాయి. ప్రోటీన్ డీఎన్‌ఏకు అంటుకుందో లేదో చూసే జెల్ షిఫ్ట్‌లో, పోటీ డీఎన్‌ఏగా వాడే పాలీ డీఐ-డీసీ అలవాటుగా వేయొద్దు. ఐ-సీ జతకు చిన్న గాడి ఏ-టీ జతలాగే ఉంటుంది కాబట్టి మీ ప్రోబ్‌తోనే పోటీ పడుతుంది.

ప్లాస్మిడ్_వైపు:
పాకే ప్రోటీన్ సైట్ జోలికి పోకుండా, దాన్ని తప్పించే ప్రోటీన్ సైట్ మార్చొచ్చు. షిగెల్లా అనే మరో బ్యాక్టీరియాలో ఐసీఎస్-పి జన్యువు ప్రమోటర్‌కు కిలోబేస్‌కు (వెయ్యి బేసులకు) పైగా ఎగువన, హెచ్-ఎన్‌ఎస్‌ను తప్పించే విర్-బి ప్రోటీన్ సైట్ ఉంది. దాన్ని చెడగొడితే విర్-బి ఉన్నా జన్యువు లేవదు. హెచ్-ఎన్‌ఎస్ లేని కణంలో విర్-బి అవసరమే పడదు. ఈ రెండూ కలిస్తే అణచివేత రుజువైనట్టే. అంత దూరంలోని పీకును, ప్రమోటర్ నుంచి 500 బేస్‌ల హద్దు పెట్టి తీసేసేవాళ్లు ఇది గమనించాలి.

ప్రమోటర్_పక్షి:
ఈ పరీక్షకు నాకు అభ్యంతరం లేదు. కానీ తప్పించే ప్రోటీన్ ఏదో తెలియని చోట్ల, జన్యువుల లోపల ఉన్న పీకుల మాటేమిటి? అక్కడ ఆర్‌ఎన్‌ఏ మారడం లేదు కదా.

ఏటీ_వాది:
మారలేదని తేల్చేముందు ఆర్‌ఎన్‌ఏ లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన నమూనా) ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏలోని ఏ స్ట్రాండ్‌దో చెప్పగలిగేదా, కాదా చూడండి. ఈ. కోలైలో హెచ్-ఎన్‌ఎస్ జన్యువుల లోపలి ప్రమోటర్లనూ ఆపుతుంది. ఎదురు స్ట్రాండ్ మీద పుట్టే ఆ పొట్టి ఆర్‌ఎన్‌ఏలు మామూలు లెక్కింపులో జన్యువు రీడ్లలో కలిసిపోతాయి. ఆర్‌ఎన్‌ఏ మొదలయ్యే 5′ కొనలు మ్యాప్ చేస్తేనే బయటపడతాయి.