గంపగుత్త ఓట్లు: ఈ మాట ఎక్కడ వాడాలి?

అమెరికా ఎన్నికల మీద వ్యాసం రాస్తూ ‘నల్లజాతి ఓటర్లు డెమోక్రాట్లకు గంపగుత్తగా ఓటేస్తారు’ అనవచ్చా అని ఒక మిత్రురాలు అడిగారు. వద్దండీ. ఆ మాటలో గుత్త ఉంది.

మామిడి పూత మీద ఉండగానే తోటను గుత్తకు ఇస్తారు. కాయలు లెక్కపెట్టరు, తూకం వేయరు, మొత్తానికి ఒకే ధర. బేరమంతా తోట యజమానికీ గుత్తేదారుకూ మధ్యనే. ఓట్లు గంపగుత్తగా పడ్డాయనగానే, వాటిని ఎవరో ముందే మాట్లాడుకుని అప్పగించారన్న అర్థం వెంట వస్తుంది.

‘ఓటు బ్యాంకు’ అసలు అర్థమూ దాదాపు ఇదే. మైసూరు ప్రాంతంలోని ఒక పల్లెలో 1948లో పరిశోధన చేసి, చివరి రోజులు మన బెంగళూరులో గడిపిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1955 నాటి వ్యాసంలో ఆ మాట వాడారు. ఊరి పెద్దకు, అతని మీద ఆధారపడి బతికేవారి మీద ఉన్న పట్టు గురించి చెప్పారు. అంటే పెత్తనం పెద్దమనిషిది. తర్వాత ఆ మాట కులాలకు, మతాలకు అంటుకుని, ఇప్పుడు ఓటరును కించపరచడానికే పనికొస్తోంది. ఇది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక అమెరికా సంగతి. జాతి కారణంగా ఓటు హక్కు నిరాకరించరాదని 1870లోనే రాజ్యాంగ సవరణ వచ్చింది. అయినా దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్ష వంటి అడ్డంకులతో, బెదిరింపులతో నల్లవారిని పోలింగు దరిదాపులకు రానివ్వలేదు. గట్టి చట్టం 1965లో గానీ రాలేదు. 1960లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు నల్లవారి ఓట్లలో సుమారు మూడో వంతు పడ్డాయి. 1964లో పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్‌ను అదే పార్టీ నిలబెట్టింది. ఆ ఏడాది నల్లవారి ఓట్లలో పదింట తొమ్మిదికి పైగా డెమోక్రాటిక్ అభ్యర్థి జాన్సన్‌కు వెళ్లాయి. తమ హక్కుకు ఎవరు అడ్డం నిలిచారో కళ్లారా చూసి వేసిన ఓట్లవి. వీటిలో గుత్తేదారు ఎక్కడున్నాడు?

ఇంకొకటి. 1964 తర్వాత ఏ డెమోక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థికీ తెల్లవారి ఓట్లలో సగానికి మించి రాలేదు. ఒబామాకూ రాలేదు. దాన్ని మాత్రం ఎవరూ ఓటు బ్యాంకు అనరు! జాతి చూసి ఓటేయడం నల్లవారికే ఉన్న అలవాటన్నట్లు రాస్తే అది అన్యాయం.

ఇక్కడ బెంగళూరులో మహదేవపుర, కె.ఆర్. పురం వైపు ఉండేవారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. ఎన్నికలు రాగానే ‘మీ అపార్ట్‌మెంటులో తెలుగు ఓట్లు ఎన్ని?’ అని అడుగుతూ వస్తారు. గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తాతల కాలం నుంచి ఇక్కడే ఉండి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబం, ఇద్దరూ ఒకే గంపలోకే. ఒకరికి నీళ్ల ట్యాంకరు ఖర్చు బెంగ, మరొకరికి ఇంటి స్థలం కాగితాల బెంగ. పక్క భవనంలో తాపీ పని చేసే పాలమూరు మేస్త్రికైతే ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంది.

అందుకని మీ వాక్యంలో ‘అత్యధికులు డెమోక్రాట్లకే ఓటేస్తారు’ అని రాయండి. వేయనివారూ ఉన్నారు కాబట్టి అదే కచ్చితం. 1964 గురించి అయితే ‘ఒక్కతాటిపై నిలిచారు’ అనడం బాగుంటుంది, నిలిచింది వాళ్లే కాబట్టి. ఎవరో డబ్బు పుచ్చుకుని వీధి మొత్తం ఓట్లు అప్పగించిన కథ రాసేటప్పుడు ‘గంపగుత్త’ను నిస్సంకోచంగా వాడుకోవచ్చు.