తెరచాప పడవలో ఇద్దరమే: రాత్రి కాపలా, నిద్ర ఎలా పంచుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో షిఫ్టుల ఉద్యోగం కాబట్టి రాత్రంతా మెలకువగా ఉండటం నాకు కొత్త కాదు. కొత్తదల్లా సముద్రమే. ఫిబ్రవరిలో మా బావగారి తెరచాప పడవలో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాం. సుమారు 650 నాటికల్ మైళ్లు. గంటకు 5 మైళ్ల చొప్పున నడిచినా అయిదారు రోజులు. ఉండేది ఇద్దరమే.

మూడు గంటలకోసారి వంతు మారదామని బావగారు అంటున్నారు. నాకు నాలుగు నయమనిపిస్తోంది. తడిసిన జాకెట్టు విప్పి, పడుకుని, లేచి మళ్లీ తొడుక్కునేసరికి మూడింట్లో దక్కే నిద్ర రెండు గంటలే. అయితే తెల్లవారుజామున రెండు నుంచి అయిదు వరకు కళ్లు వాలిపోయే గండం ఉంది చూశారూ, షిఫ్టులో పక్కన మనిషి ఉంటాడు, టీ ఉంటుంది. పడవలో నాలుగు గంటలు ఒంటరిగా గట్టెక్కగలనా? పాత ఓడల్లో సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉండే కాపలాను రెండు ముక్కలు చేసి, వంతులు రోజూ మారేలా చూసేవారు. ఇద్దరికీ అది పనికొస్తుందా, రోజూ ఒకే వేళకు పడుకోవడం మేలా?

ఏఐఎస్ (ఓడలు తమ స్థానాన్ని రేడియోలో చాటే పరికరం) అలారం పెద్ద ఓడలను పసిగడుతుంది, ఆ పరికరం లేని చేపల పడవలను కాదు. 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) ఓడ ఎదురొస్తే, మా 5 మైళ్ల వేగమూ కలిసి, 8 మైళ్ల దూరం ఇరవై నిమిషాల్లోపే కరిగిపోతుంది. కాబట్టి కాపలాలో కునుకు తీయమనే సలహా మాత్రం వద్దు.

వాంతుల మాత్ర వేసుకుంటే మత్తు, మానేస్తే కడుపులో తిప్పుడు. కాపలాకు ఎంత ముందు వేసుకుంటారు? మొదటి రెండు రాత్రులు మీరెలా నెట్టుకొచ్చారు?