పాకే బిడ్డకు వాకర్ అవసరమా?

కూకట్‌పల్లి తల్లి (చర్చ మొదలుపెట్టినవారు):

మా బాబుకు తొమ్మిది నెలలు నిండాయి. నిన్నమొన్నటి వరకు పడుకోబెట్టిన చోటే కాళ్ళు ఆడిస్తూ ఉండేవాడు. ఇప్పుడు ఇల్లంతా పాకుతున్నాడు. మంచం కోడు పట్టుకుని లేచి నిలబడతాడు, నిలబడ్డాక మళ్ళీ ఎలా కూర్చోవాలో తెలియక ఏడుస్తాడు. మా అత్తగారు ఊరి నుంచి వస్తూ వాకర్ తెచ్చారు. చుట్టూ చక్రాలు, మధ్యలో గుడ్డ సీటు, ముందు పాటలు పాడే బొమ్మలు ఉండేది. "ఇందులో కూర్చోబెడితే నెల తిరిగేసరికి నడుస్తాడు, నీకూ చేతులు ఖాళీ అవుతాయి" అన్నారు. తట్టు టీకాకు వెళ్ళినప్పుడు అడిగితే పిల్లల డాక్టరు మాత్రం అసలు వాడవద్దన్నారు. ఇద్దరూ వాడి మేలు కోరేవాళ్ళే. మీ ఇళ్ళలో ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పండి.

ఇంకొకటి. వాడు తొందరగా నడవాలని ఇంట్లో అందరికీ ఉంది. నాకు మాత్రం ఈ పాకే రోజులు ఇంకొన్నాళ్ళు సాగాలని ఉంది. ఆ మాట పైకి అంటే బిడ్డ ఎదగడం ఇష్టం లేదా అని అడుగుతారేమోనని అనలేదు.

నరసరావుపేట అమ్మమ్మ:

అమ్మా, మీ అత్తగారి మాట తీసిపారేయకు. మా ఇంట్లో మూడు తరాల పిల్లలు బండి పట్టుకునే నడక నేర్చారు. వడ్రంగి చేసిచ్చిన మూడు చక్రాల చెక్కబండి. అడ్డకర్ర పట్టుకుని నిలబడి తోస్తే ముందుకు కదులుతుంది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగలలేదు. పిల్లలన్నాక పడతారు, లేస్తారు. పడకుండా నడక వచ్చినవాళ్ళు ఎవరున్నారు?

టొరంటో తండ్రి:

అమ్మమ్మగారూ, మీ చెక్కబండితో నాకు పేచీ లేదు. దాని దగ్గర బిడ్డ తన కాళ్ళమీద తానే నిలబడాలి, పట్టు వదిలితే కూలబడతాడు. వాకర్‌లో అలా కాదు. ఒంటి బరువు సీటు మోస్తుంది, బిడ్డ మునివేళ్ళతో నేలను తోస్తాడు.

నేనుండే కెనడాలో వాకర్ల అమ్మకం, దిగుమతి, ప్రకటనలు అన్నీ 2004 ఏప్రిల్ నుంచి నిషిద్ధం. ప్రపంచంలో వీటిని నిషేధించిన మొదటి దేశం ఇదే. వాడేసిన పాతదాన్ని అమ్మడం కూడా కుదరదు. పక్కనున్న అమెరికాలో నిషేధం లేదు, కానీ అక్కడి పిల్లల వైద్యుల సంఘం నిషేధించమని ఏళ్ళ తరబడి అడుగుతోంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 1990 నుంచి 2014 వరకు పదిహేను నెలల లోపు పిల్లలు సుమారు 2,30,000 మంది వాకర్ల వల్ల దెబ్బలు తగిలి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్ళారు. పదిమందిలో తొమ్మిదిమందికి దెబ్బ తగిలింది తలకో మెడకో. దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మెట్లమీది నుంచి వాకర్‌తో సహా దొర్లినవారే.

మధురవాడ ఉద్యోగిని:

టొరంటో తండ్రిగారూ, ఆ అధ్యయనంలో మీరు చెప్పని భాగం ఒకటుంది. 1990లో ఏడాదికి ఇరవై వేలు దాటిన ఆ కేసులు 2003 నాటికి సుమారు మూడు వేల రెండు వందలకు దిగాయి. మెట్టు అంచుకు రాగానే ఆగిపోయేలా వాకర్లను తయారుచేయాలన్న ప్రమాణాలు రావడం అందుకు ఒక ముఖ్య కారణం. అంటే వస్తువును సరిచేస్తే ప్రమాదం తగ్గుతుందనే కదా? పైగా కెనడా ఇళ్ళలో లోపలే మెట్లుంటాయి. మా ఫ్లాట్‌లో ఒక్క మెట్టు లేదు, వీధి తలుపు ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఉదయం ఎనిమిదింటికి నేను కుక్కరు దించాలి, డబ్బాలు సర్దాలి, ఆఫీసు ఫోను ఎత్తాలి. అత్తమామలు ఊళ్ళో, మా అమ్మ తమ్ముడి దగ్గర. పాకే పిల్లను ఆ అరగంట ఎక్కడ ఉంచాలి? "వాడవద్దు" అనేవాళ్ళు ఎవరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు. మా పాప పదకొండో నెలలో వాకర్ వాడింది, పుట్టినరోజు దాటగానే నడిచింది. హాయిగా పరుగెడుతోంది.

హనుమకొండ నాన్న:

మధురవాడ వారి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా నిజాయితీ గలది. దానికి జవాబు చెప్పి తీరాలి. ముందు ఇంటి సంగతి చూద్దాం.

మెట్లు లేకపోయినా మన ఇళ్ళలో గడపలుంటాయి. స్నానాల గదికి అంగుళం ఎత్తు దిమ్మె ఉంటుంది. వేగంగా వచ్చిన చక్రం దానికి తట్టుకుంటే బండి ముందుకు తిరగబడుతుంది, బిడ్డ తల నేలకు కొట్టుకుంటుంది. వాకర్‌లో ఉన్న బిడ్డ సెకనులో మూడు అడుగులకు మించి దూసుకుపోగలడు. పక్కనే ఉన్నాంలే అనుకునే పెద్దవాళ్ళు చేయి చాపేలోపు జరగవలసింది జరిగిపోతుంది, ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువ భాగం పెద్దలు చూస్తుండగా జరిగినవే. పాకే బిడ్డ చేయి నేలకు జానెడు ఎత్తులో ఉంటే, వాకర్‌లో కూర్చున్న బిడ్డ చేయి బల్ల అంచుకు అందుతుంది. బల్లమీది టీ గ్లాసు, ఇస్త్రీ పెట్టె తీగ, వేలాడే గుడ్డ అన్నీ అందుతాయి. ఇవన్నీ ఫ్లాట్‌లో ఉన్నవే. సరైన ప్రమాణాలతో చేసిన వాకర్ మెట్టు దగ్గర ఆగుతుందేమో, వేడి టీ దగ్గర ఎందుకు ఆగుతుంది?

ఇక నడక. ఐర్లండ్‌లో 190 మంది పిల్లలను గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. వాకర్‌లో గడిపిన మొత్తం సమయం ప్రతి 24 గంటలకూ ఒంటరిగా నడిచే రోజు మూడు రోజులకు పైగా వెనక్కి జరిగినట్టు అందులో కనిపించింది. దీనివల్లే అది జరిగిందని తేల్చి చెప్పే తరహా అధ్యయనం కాదది, వాడకానికీ ఆలస్యానికీ పొంతన కనిపించిందంతే. మీ పాప పుట్టినరోజు దాటాక నడిచిందంటే నమ్ముతాను. అది వాకర్ వల్లనే అని మాత్రం ఒప్పుకోలేను. వాకర్ తొందరగా నడిపిస్తుందన్న నమ్మకానికి ఆధారం ఎక్కడా కనిపించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను చూసి 2006లో చెప్పిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా నడిచే వయసు ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కొందరు మోకాళ్ళమీద పాకనే పాకరు. ఇంత విశాలమైన గడువు ప్రకృతి ఇచ్చినప్పుడు ఎదురింటి పిల్లాడు పది నెలలకే నడిచాడని మనం ఎందుకు కంగారుపడాలి? మా అమ్మాయి పదిహేనో నెల దాటాక నడిచింది. అప్పటిదాకా గోడ పట్టుకుని పక్కకు పక్కకు జరిగేది. కుర్చీ నుంచి మంచానికి మధ్య జానెడు ఖాళీ వస్తే ఆగి, ఆలోచించి, కూర్చుని పాకేది. ఆ ఆగడం, ఆ ఆలోచించడం కూడా నడకలో భాగమే. అక్కడ పడితే ఎలా పడాలో కూడా నేర్చుకుంది. వాకర్‌లో బిడ్డకు అలా పడి నేర్చుకునే అవకాశమూ లేదు, ఆగి ఆలోచించే అవసరమూ లేదు.

ఇప్పుడు ఆ అరగంట. వాకర్ బిడ్డ నడక కోసం కొనేది కాదు, ఇంట్లో చాలని చేతుల కోసం కొనేది. ఈ మాట ఒప్పుకుంటే దారి దొరుకుతుంది. మా ఇంట్లో నాలుగు వైపులా కటకటాలున్న చెక్క చట్రం చేయించాం, లోపల చాప, రెండు గిన్నెలు, ఒక గరిటె. వంటింటి గుమ్మానికి బయట, నాకు కనిపించేలా పెట్టేవాణ్ని. కాళ్ళకు మువ్వలు కట్టాం, చప్పుడు ఆగిందంటే వెళ్ళి చూడాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున్న అన్నం కూర వండే పని నేను తీసుకున్నాను, ఆ వేళకు బిడ్డ తల్లి దగ్గర ఉండేది. మధురవాడ వారి ప్రశ్నలో "నేను దించాలి, నేను సర్దాలి, నేను ఎత్తాలి" అని మూడు పనులున్నాయి. ఆ ఇంట్లో మరో మనిషి ఉంటే అందులో రెండు ఆ మనిషివి కావాలి.

మధురవాడ ఉద్యోగిని:

మావారు నౌకలో పనిచేస్తారు, ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే. పంచుకోవడం అనే మాట అన్ని ఇళ్ళకూ ఒకేలా వర్తించదు. చట్రం సంగతి మాత్రం బాగుంది, కాకపోతే మా పాప అలాంటి దాంట్లో రెండు నిమిషాలు ఉండదు, గుక్కపట్టి ఏడుస్తుంది. వాకర్‌లో నవ్వుతూ ఉండేది. ఏడ్చే బిడ్డను వింటూ వేడి కుక్కరు దించడం కూడా ప్రమాదమే. టీ గ్లాసు మాట ఒప్పుకుంటాను. వాకర్‌ను మొత్తంగా నిషేధించాలంటే మాత్రం ఒప్పుకోను. ముందు మన దగ్గర మెట్టు అంచున ఆగే రకం తప్ప మరొకటి అమ్మకుండా చూడమనండి.

టొరంటో తండ్రి:

ఆగే రకమైనా గడప తట్టుకుంటే ఆగదండీ. ఇక్కడ కూడా మొదట తయారీదారులు తమంతట తామే జాగ్రత్తలు తీసుకుంటారని ఆశించారు, చాలక నిషేధం దాకా వెళ్ళారు.

నరసరావుపేట అమ్మమ్మ:

కూకట్‌పల్లి తల్లీ, అందరూ వాకర్ గురించే చెప్పారు, నువ్వు అడిగిన రెండో మాటకు ఎవరూ జవాబివ్వలేదు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే చిలకలు పంచుతాం. ఒక్కో మలుపు దగ్గర ఆగి, పొయ్యి వెలిగించి, నలుగురినీ పిలిచి సంతోషపడమని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది. పాకే రోజులు ఉండాలనుకోవడంలో తప్పేముంది? నా పెద్దకూతురు పాకుతూ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచిన రోజులు ఇప్పటికీ కావాలనిపిస్తాయి నాకు. అరిసెల బెల్లం మాత్రం ముందే తెచ్చిపెట్టుకో. ఆ రోజు చెప్పి రాదు.

కూకట్‌పల్లి తల్లి:

అందరికీ ధన్యవాదాలు. అత్తగారితో మాట్లాడాను. టీ గ్లాసు సంగతి చెప్పగానే ఆవిడే లేచి వాకర్‌ను అటక మీదికి ఎక్కించమన్నారు. దాని బదులు చెక్కబండి చేయిస్తానంటున్నారు. హనుమకొండ నాన్నగారూ, మా నేల నున్నటి పలకలు, చెక్కబండి చక్రాలు జారిపోతాయేమోనని నా భయం. చక్రాలకు రబ్బరు పట్టీ వేయిస్తే సరిపోతుందా? ఆ కటకటాల చట్రం ఎత్తు ఎంత పెట్టించారు, కటకటాల మధ్య సందు ఎంత? తల ఇరుక్కోకుండా ఉండాలి కదా.