షెల్ అకౌంట్ అడిగినోళ్లందరికీ ఇవ్వాలా, తెలిసినోళ్లకేనా?

రూట్_మావయ్య:
మన సర్వర్ సంగతి తెలిసిందేగా, అందరం దూరం నుంచి లాగిన్ అయి కమాండ్లు కొట్టుకునే (షెల్ అకౌంట్ అంటే అదే) ఒకే లినక్స్ మిషన్, 2 జీబీ ర్యామ్, 40 పైచిలుకు అకౌంట్లు, నెలనెలా అద్దె నా జేబులోంచి. పోయిన వారం ఎవరో కొత్తాయన రాత్రి 2 గంటలకి క్రిప్టో మైనర్ (క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రామ్) ఎక్కించి సీపీయూ మొత్తం తాగేశాడు, పొద్దున లేచేసరికి హోస్టింగ్ వాళ్ల మెయిల్, ఆపకపోతే మిషన్ తీసేస్తామని. ఇకనుంచి పాత మెంబర్ ఎవరన్నా పూచీ ఉంటేనే అకౌంట్ అనుకుంటున్నా. ఏమంటారు?

పాత_యునిక్స్:
కరెక్టే. ఎస్‌డీఎఫ్ వాళ్లు ఇలాగే అందరికీ షెల్ అకౌంట్లిచ్చే సర్వర్ 1987 నుంచి నడుపుతున్నారు, వాళ్లు కూడా ఏదో చిన్న చందా పంపితేగానీ పూర్తి అకౌంట్ ఇవ్వరు. దాంతో వాళ్లేం బాగుపడిపోరు, కానీ స్పామ్ కొట్టేవాడు ఆమాత్రం శ్రమ కూడా పడడు, అంతే కిటుకు.

టెర్మక్స్_కుర్రోడు:
అన్నా నాకు పూచీ ఎవరుండేవాళ్లు? మా ఊళ్లో లినక్స్ అంటే ఏంటో తెలిసినోడే లేడు, ల్యాప్‌టాప్ లేదు, ఫోన్లో టెర్మక్స్ (లినక్స్ కమాండ్లు నడిపే యాప్) వేసుకుని ఎస్ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కి పాస్‌వర్డ్ బదులు వాడేది) చేసి మీకు పంపా, మీరు ఒక్క ముక్క అడక్కుండా ఇచ్చారు. విమ్ ఎడిటర్, కోడ్ మార్పులు దాచుకునే గిట్ అన్నీ ఈ డబ్బా మీదే నేర్చుకున్నా. ఈ రూల్ అప్పుడుంటే నేను బయటే.

బాష్_అక్క:
మావయ్యా, కంచె వేయకుండా గేదె మేసిందని గోలేంటి? ఎన్‌ప్రాక్ లిమిట్ (ఒక్కొక్కరు ఎన్ని ప్రాసెస్‌లు నడపొచ్చో) పెట్టావా? సిస్టమ్‌డీ యూజర్ స్లైస్‌లో ఒక్కొక్కరికి ఇంతే అని సీపీయూ కోటా? నేను మొన్న సరదాగా యూలిమిట్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెస్‌లకి వేలల్లో చూపించింది. తనని తానే కాపీ చేసుకుంటూ పోయే ఒక్క ఫోర్క్ బాంబుకే సర్వర్ పోతుంది, అదీ పూచీ ఉన్నోడే పొరపాటున పేల్చొచ్చు.

రూట్_మావయ్య:
సరే అది నా తప్పే. కానీ అక్కా, ఎవడన్నా పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లో (తన వెబ్ పేజీలు ఉండే ఫోల్డర్) దొంగ బ్యాంక్ పేజీ పెట్టాడనుకో, దానికి సీపీయూ ఏం ఖర్చవుతుంది? ఏ లిమిట్‌కీ దొరకదు, కంప్లైంట్ మాత్రం నా పేరు మీదే వస్తుంది. పైగా 2022లో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు లాగ్స్, అంటే సర్వర్‌లో ఏం జరిగిందో రాసుండే రికార్డులు, 180 రోజులు ఉంచాలన్నారు, మనలాంటోళ్లకి వర్తిస్తుందా లేదా పక్కనపెట్టు, రేపు ఎవరన్నా వచ్చి ఇది ఎవరి అకౌంట్ అంటే ఏం చెప్పాలి నేను?

బాష్_అక్క:
అలాగైతే మొదటి నెల వెబ్ పేజీ ఇవ్వకు, బయటికి కనెక్షన్లు ఆపు, ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) ఓనర్ మాడ్యూల్‌తో గ్రూప్‌ని బట్టి ఆపొచ్చు. మెయిల్ పంపే 25 పోర్ట్ అయితే అందరికీ మూసెయ్.

టెర్మక్స్_కుర్రోడు:
బయటికి మొత్తం ఆపితే గిట్ పుష్ (నా కోడ్ బయటి సర్వర్‌కి పంపడం) ఎలా అక్కా 😭 నేను మొదటివారం చేసిందే అది

పాత_యునిక్స్:
నెల ఆగలేనోడికి అకౌంట్ ఎందుకు బాబూ. నేను పూచీ మాటే అంటా.

రూట్_మావయ్య:
ఆదివారం లిమిట్లు, 25 మూత రెండూ చేసేస్తా. గిట్ కోసం ఏదన్నా దారి ఉంచుదాంలే. పూచీ సంగతి ఆపుతున్నా, తీసేయట్లేదు. అన్నట్టు హైడ్‌పిడ్ సెట్టింగ్ కూడా పెడుతున్నా, టాప్ కమాండ్ కొడితే పక్కోళ్ల ప్రాసెస్‌లు కనపడట్లేదని మళ్లీ నా మీద పడకండి.