‘అక్రమ స్ఫటికం’ అంటే కేసు పెడతారేమో!

అనువాదకుడు: కాంతి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘డిజార్డర్డ్ నాన్‌లీనియర్ క్రిస్టల్’ దగ్గర ఆగిపోయాను. చిత్తుప్రతిలో ‘అక్రమ అరేఖీయ స్ఫటికం’ అని రాశాను. అక్రమ కట్టడం, అక్రమ ఇసుక రవాణా... వాటి సరసన స్ఫటికమా?

ఒక సభ్యురాలు: ‘వరస తప్పిన’ అంటే?

అనువాదకుడు: అక్కా, అది పెళ్ళి గొడవ అవుతుంది!

ఫిజిక్స్ మాస్టారు: ముందు అక్కడ ఏది క్రమం తప్పిందో చూడండి. అణువుల అమరిక కాదు. స్ట్రాన్షియం బేరియం నయోబేట్ అనే స్ఫటికంలో సూదుల్లాంటి డొమైన్లు, అంటే విద్యుత్ ధ్రువణం ఒకే దిక్కున ఉండే చిన్న ప్రాంతాలు, పక్కపక్కనే ఉంటాయి. కొన్నిటి ధ్రువణం పైకి, కొన్నిటిది కిందికి. ఒక్కోటి ఒక్కో లావు. క్రమం లేనిది ఆ లావుల్లోనే.

అనువాదకుడు: దాంతో కాంతికి ఏమవుతుంది మాస్టారూ?

ఫిజిక్స్ మాస్టారు: 1064 నానోమీటర్ల పరారుణ లేజర్ పంపితే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి పుడుతుంది. చాలా గ్రీన్ లేజర్ పాయింటర్లలో జరిగేదీ ఇదే. చిక్కేమిటంటే, ఈ రెండూ స్ఫటికంలో మామూలుగా ఒకే వేగంతో పోవు. కొన్ని మైక్రోమీటర్లు దాటేసరికి కొత్తగా పుట్టే ఆకుపచ్చ, ముందు పుట్టినదాన్ని మింగేయడం మొదలుపెడుతుంది. సరిగ్గా అక్కడ డొమైన్‌ని తలకిందులు చేస్తే మళ్ళీ కలిసొస్తుంది. లిథియం నయోబేట్ అనే మరో స్ఫటికంలో అలా డొమైన్లని తిప్పుతూ సమానమైన చారలు వేస్తారు. కోలాటంలో కోలలన్నీ ఒకే దెబ్బకి పడ్డట్టన్నమాట. నూరు చారలకి తాళం కుదిరితే, ఒక్క చార ఇచ్చేదానికి 10,000 రెట్ల వెలుగు. లావులు ఇష్టమొచ్చినట్టుంటే సగటున నూరు రెట్లే. సున్నా మాత్రం కాదు! పైగా సమాన చారలు దాదాపు ఒక్క రంగుకే పనికొస్తాయి, ఈ క్రమం లేని లావులు చాలా రంగులకి పలుకుతాయి. సూదుల వెంట లేజర్ పంపితే ఆకుపచ్చ శంకువులా విచ్చుకుంటుంది కూడా.

అనువాదకుడు: అయితే ‘అస్తవ్యస్త’ అన్నా తప్పే. మొదటిసారి ‘డొమైన్లకు క్రమం లేని స్ఫటికం’ అని విడమర్చి, ఆపైన ‘క్రమరహిత స్ఫటికం’ అంటాను.

సభ్యురాలు: మరి ‘అరేఖీయ’? మా అబ్బాయి కాంతి వంకరగా పోతుందనుకున్నాడు.

ఫిజిక్స్ మాస్టారు: అది కాంతి దారి గురించి కాదమ్మా, గ్రాఫు గురించి. లేజర్ బలం రెట్టింపు చేస్తే ఆకుపచ్చ నాలుగింతలవుతుంది. గీసి చూపించండి, సరళరేఖ రాదు.